పదిహేడు నుంచి పదిహేనుకు

గత ఏడాది కార్తీక మాసంలో నా కారుకున్న 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు నాలుగూ విప్పించి, వాటి స్థానంలో 15 అంగుళాలవి వేయించుకున్నాను. అందరూ చిన్నవి తీసి పెద్దవి వేయించుకుంటున్న రోజుల్లో ఇదేమి పని అని స్నేహితులు ఆశ్చర్యపోయారు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు "సార్, బండి అమ్మేస్తున్నారా?" అని ఆందోళనగా అడిగాడు. మా ఊళ్లో షోకైన చక్రాలు తీసి చిన్నవి బిగించారంటే కారును అమ్మకానికి పెట్టారనే అర్థం. అమ్మడం లేదని ఆ పూటకు చెప్పి ఊరుకున్నాను గానీ, ఆ కుర్రాడికి పూర్తి జవాబు బాకీ పడ్డానని అప్పటినుంచీ అనిపిస్తూనే ఉంది. ఈ వ్యాసం ఆ జవాబే.

నేను విజయనగరంలో ఉంటాను, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. నా కారు 2014లో తయారైన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2018లో రెండో చేతి బండిగా కొన్నాను. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్ శక్తి, 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. పెర్ఫార్మెన్స్ కారు అనే మాట దీనికి ఎక్కువని అనేవాళ్లున్నారు. అయితే పదిన్నర లక్షలు దాటని ధరల్లో, జిల్లా కేంద్రంలో ఉద్యోగం చేసుకునే మనిషికి అందుబాటులో ఉండి, యాక్సిలరేటరు నొక్కితే మనసు పులకరించేలా దూకే బండ్లు మన దేశంలో ఎన్నో రాలేదు. కంపెనీ దీనికి 185/60 ఆర్15 టైర్లు ఇచ్చింది: వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 60 శాతం, లోపలి చక్రం 15 అంగుళాలు. నేను వాటిని 2019లో తీసేసి, 215/40 ఆర్17 టైర్లతో ఆరు ఆకుల నల్ల చక్రాలు వేయించాను.

ఇక్కడ "ఆకులు" అన్నది కావాలనే. ఇప్పుడు అందరూ స్పోకులు అంటున్నారు గానీ, బండి చక్రానికి మన వడ్రంగులు పెట్టుకున్న పేర్లు ఇంతకంటే చక్కనివి. బొబ్బిలి దగ్గర మా తాతగారి ఊళ్లో ఎడ్లబండి చక్రం కట్టడం చిన్నప్పుడు చూశాను. మధ్యలో ఇరుసు దూరే కుండ, దాని నుంచి చుట్టూ బయలుదేరే ఆకులు, ఆకుల చివర్లను పట్టుకుని వలయంగా కూర్చిన పూటీలు, ఆ పైన ఇనుప పట్టా. పట్టాను చక్రం కంటే ఒక పిసరు చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు మనుషులు పటకార్లతో ఎత్తి చక్రం మీద దింపి, వెంటనే బిందెలతో నీళ్లు కుమ్మరించేవారు. బుస్సుమని ఆవిరి లేచేది. ఇనుము ముడుచుకుంటూ పూటీలనూ ఆకులనూ కుండ వైపుకు నొక్కుతుంటే కర్ర కిర్రుమనేది. మేకు ఒక్కటీ కొట్టకుండానే చక్రం బిగుసుకునేది. మూడు రకాల బరువైన పనిని ఒక్క వస్తువు చేయాలి: మోయాలి, తిరగాలి, దెబ్బ తినాలి. దాని రూపం మొత్తం ఆ మూడు పనుల నుంచే పుట్టింది.

కారు చక్రాల చరిత్రలో మనం అందమని మెచ్చుకునే రూపాలన్నీ ఇలాగే పుట్టాయని నా నమ్మకం. 1924లో బుగాటీ టైప్ 35 పోటీ కారు ఎనిమిది ఆకుల అల్యూమినియం పోత చక్రాలతో వచ్చింది. అందులో బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతో కలిపే పోసి ఉండేది; చక్రం విప్పితే బ్రేకు లోపలి భాగం కళ్లెదుట ఉండేది. 1960లలో మినీ కార్ల ర్యాలీల కోసం ఇంగ్లండులో పుట్టిన మినీలైట్ చక్రం కూడా ఎనిమిది ఆకులదే, మెగ్నీషియంతో చేసినది. అందులో కనిపించే పొదుపు అలంకారం కోసం కాదు. రాళ్ల దారిలో విరగకూడదు, బరువు పెరగకూడదు అన్న రెండు పట్టుదలల మధ్య మిగిలిన లోహమే ఆ ఆకులు. 1966లో పోర్షే 911 ఎస్ కారుకు ఫుక్స్ సంస్థ సుత్తిపోటు పద్ధతిలో, అంటే ఫోర్జింగ్‌తో, చేసిచ్చిన అయిదు రేకుల చక్రం ఈనాటికీ చాలామందికి లోకంలోకెల్లా అందమైన చక్రం. దాని వెనకున్న ఆలోచన కూడా స్ప్రింగుల కింద ఉండే బరువును, అంటే చక్రం, టైరు, బ్రేకుల బరువును, తగ్గించడమే.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు ప్రాంతంలో షిల్టాఖ్ అనే చిన్న ఊళ్లో బౌమ్‌గార్ట్‌నర్, బ్రాండ్ అనే ఇద్దరు 1970లో ఒక సంస్థ పెట్టారు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలనూ ఊరి పేరు మొదటి అక్షరాన్నీ కలిపితే బీబీఎస్ అయింది. వారు పోటీ కార్ల కోసం మూడు ముక్కల చక్రాన్ని తయారుచేశారు: మధ్యలో వల అల్లినట్టున్న సన్నని ఆకుల పళ్లెం, బయట ఒక అంచు, లోపల ఒక అంచు, అన్నిటినీ కలిపే చిన్న బోల్టుల వరుస. పోటీలో అంచు దెబ్బ తింటే చక్రం మొత్తం పారేయనక్కర లేదు, ఆ అంచు ఒక్కటే మార్చుకోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు మా తాతగారి ఊరి వడ్రంగి గుర్తొచ్చాడు. పూటీ చీలితే ఆయన పూటీ మాత్రమే మార్చేవాడు. 1983లో బీబీఎస్ ఆర్ఎస్ అనే పేరుతో ఆ వల చక్రం వీధి కార్ల కోసం అమ్మకానికి వచ్చింది. చుట్టూ బంగారు రంగు బోల్టులు పొదిగిన ఆ రూపాన్ని తర్వాత ఎంతమంది అనుకరించారో లెక్కలేదు. అనుకరించిన వాటిలో చాలావాటికి ఆ బోల్టులు పనిచేయవు. ఒకే ముక్కగా పోసిన చక్రం మీద అలంకారంగా అతికించినవి మాత్రమే.

అదే కాలంలో పోటీ కార్ల చక్రాల మీద ఫ్యాను రెక్కల్లాంటి పళ్లేలు కనిపించేవి. చక్రం తిరిగేటప్పుడు బ్రేకు దగ్గర పేరుకున్న వేడి గాలిని అవి బయటికి లాగేవి. ఆ తర్వాత జపాను వంతు వచ్చింది. 1996లో రేస్ సంస్థ వోల్క్ రేసింగ్ పేరుతో టీఈ37 చక్రాన్ని తెచ్చింది. ఒకే అల్యూమినియం ముద్దను సుత్తిపోటుతో చక్రంగా మలిచారు. ఆరు తిన్నని ఆకులు, మెరుపు లేదు, వంపు లేదు. పేరులోని 37 అనేది ఆ రకంలో 15 అంగుళాల చక్రం తూగిన 3.7 కిలోల నుంచి వచ్చింది. ఒక వస్తువు తన బరువునే పేరుగా పెట్టుకోవడం నన్ను మొదటిసారి విన్నప్పుడే కట్టిపడేసింది. 2019లో నేను కొనుక్కున్న ఆరు ఆకుల నల్ల చక్రాలు ఆ టీఈ37కే నకళ్లు. అసలుది అయితే నాలుగు చక్రాల ధర లక్షల్లో ఉంటుంది. నకలు సెట్టు నాకు టైర్లతో కలిపి అరవై వేల లోపే వచ్చింది. బరువే పేరైన చక్రానికి నకలు కొంటూ, దాని బరువెంత అని నేను దుకాణంలో ఒక్కసారి కూడా అడగలేదు.

2000 తర్వాత అభిరుచి ఎటు పోయిందో మన చుట్టూ చూసినవాళ్లందరికీ తెలుసు. మారుతి 800కు 12 అంగుళాల చక్రాలుండేవి, ఎవరికీ అవి చిన్నవని తోచలేదు. 2004లో స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ వచ్చాక, హోండా సిటీ వీటెక్ బండ్లను కుర్రాళ్లు వెతికి వెతికి కొనుక్కుంటున్న రోజుల్లోనే, విశాఖ దుకాణాల అద్దాల వెనక క్రోమియం పూసిన అయిదు ఆకుల పెద్ద చక్రాలు వరుసగా వేలాడాయి. తర్వాత పదేళ్లలో లోపలికి గిన్నెలా కుంగినట్టుండే కాన్‌కేవ్ రూపం వచ్చింది, రెండు రంగుల డైమండ్ కట్ వచ్చింది, చక్రాన్ని బయటికి తోసి, టైరును సాగదీసి, కారును నేలకు ఆనించే స్టాన్స్ పిచ్చి వచ్చింది. ఈ దశలో చక్రాన్ని చూసే కన్ను మారింది. అంతకుముందు చక్రాన్ని కారుతో కలిపి చూసేవారు. ఇప్పుడు చక్రం పైనున్న కారు రేకు అంచుకూ టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందన్నదే చూస్తున్నారు. ఖాళీ కనపడితే తప్పు, కనపడకపోతే ఒప్పు.

పెద్ద చక్రానికి న్యాయమైన కారణమే లేదని నేననను. శక్తి పెరిగిన కార్లకు పెద్ద బ్రేకు డిస్కులు కావాలి, డిస్కు పెద్దదైతే దాన్ని కప్పే చక్రమూ పెద్దది కావాలి. టైరు పక్కభాగం పొట్టిదైతే స్టీరింగు తిప్పినప్పుడు టైరు తక్కువ వంగుతుంది, కారు వెంటనే మాట వింటుంది. ఫార్ములా వన్ కూడా దశాబ్దాలపాటు వాడిన 13 అంగుళాల చక్రాలను వదిలి 2022లో 18 అంగుళాలకు మారింది. అయితే ఆ వాదనను మా ఊరికి తెచ్చేవాళ్లు ఇంకో పోటీని కూడా చూడాలి. ప్రపంచ ర్యాలీ పోటీల్లో అవే కార్లు తారు రోడ్ల మీద పరిగెత్తే వారం 18 అంగుళాల చక్రాలు వేసుకుంటాయి. కంకర దారుల్లో పరిగెత్తే వారం 15 అంగుళాలవి వేసుకుంటాయి. కారు అదే, ఇంజను అదే, నడిపే మనిషీ అతనే. మారింది రోడ్డు ఒక్కటే. చక్రం ఎంత ఉండాలో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాళ్లు, ఎంత ఖర్చుకైనా వెనకాడనివాళ్లు, గతుకుల దారి కోసం తమంతట తాము మూడు అంగుళాలు తగ్గించుకుంటున్నారు.

నా కారు నడిచే రోడ్లేవి? నాతవలస దగ్గర ఎక్కితే దొరికే పదహారో నంబరు జాతీయ రహదారి నిజంగానే తారు పోటీకి సరిపోయేంత నున్నగా ఉంటుంది. కానీ నా ప్రయాణాల్లో అది మూడో వంతు. మిగతాది గరివిడి, చీపురుపల్లి మీదుగా రాజాం, పాలకొండ; లేదా గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు. ఖనిజం లారీలు తిరిగే దారుల్లో వానాకాలం వెళ్లేసరికి తారు ఊడి గోతులు పడతాయి, వాటి అంచులు పలుగుతో చెక్కినట్టు నిలువుగా ఉంటాయి. నీళ్లు నిండితే లోతు తెలియదు. ఊళ్ల దగ్గర రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు వేరే.

ఆ గోతి అంచు టైరును తాకినప్పుడు రిమ్ముకు రక్షణగా ఉండేది టైరు పక్కభాగం ఎత్తు. అంకెలు చూడండి. 185/60 ఆర్15 టైరుకు ఆ ఎత్తు 111 మిల్లీమీటర్లు. నేను వేయించిన 215/40 ఆర్17 టైరుకు 86 మిల్లీమీటర్లు. రెంటి మొత్తం వ్యాసం దాదాపు ఒకటే, 603, 604 మిల్లీమీటర్లు. అందువల్ల స్పీడోమీటరు తప్పు చూపదు, అంతా సక్రమంగానే ఉందనిపిస్తుంది. కానీ మధ్యలో 25 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ పోయి, ఆ చోటులోకి లోహం వచ్చింది. గొయ్యి తగిలినప్పుడు ముడుచుకుని దెబ్బను మింగాల్సింది ఆ 25 మిల్లీమీటర్లే.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. చక్రాలు మార్చిన రోజున పాత ఇనుప సామాన్లు కొనే కొట్టుకు తీసుకెళ్లి, కాటా మీద పెట్టి తూయించాను. టైరుతో కలిపి 17 అంగుళాల నకలు చక్రం 20.1 కిలోలు, ఇప్పుడు వేయించిన 15 అంగుళాల చక్రం టైరుతో 14.9 కిలోలు. నాలుగింటికీ కలిపి తేడా దాదాపు 21 కిలోలు. ఇరవై కిలోల బియ్యం బస్తా డిక్కీలో వేస్తే నా కారుకు తేడా తెలియదు. అదే బరువు చక్రం అంచులో ఉంటే లెక్క వేరు. తిరగలి తిప్పినవాళ్లకు తెలుసు, పై రాయి కదిలించడానికే మొదటి బలమంతా పోతుంది, ఆపడానికీ అంతే. కారు వేగం అందుకోవాలంటే చక్రాన్ని ముందుకు తోయడంతోపాటు దాన్ని తిప్పే పని కూడా ఇంజను చేయాలి. బరువంతా అంచునే ఉన్న వలయానికి ఈ రెండూ కలిపితే అది తన బరువుకు రెట్టింపు బరువులా పనిచేస్తుందని మా పిల్లలకు రెండో ఏడాదిలోనే బోర్డు మీద రుజువు చేస్తాను. చక్రం మొత్తం వలయం కాదు కాబట్టి పూర్తి రెట్టింపు కాదు, కానీ దానికి మరీ దూరమూ కాదు. పైగా వ్యాసం పెంచిన కొద్దీ లోహం ఇరుసుకు దూరంగా జరుగుతుంది. శక్తి పెంచుకోవడానికి ఇంజను రీమ్యాపు చేయించి, అంటే దాన్ని నడిపే కంప్యూటరు ప్రోగ్రాము మార్పించి, ఆ పెరిగిన శక్తిని చక్రాల్లో పోగొట్టుకుంటున్న కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

స్ప్రింగుల కింది బరువు గురించీ చెప్పాలి. గొయ్యి మీదుగా పోయిన చక్రం పైకి లేచి మళ్లీ నేలను అందుకోవాలి. బరువు తక్కువైతే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ దాన్ని త్వరగా నేలకు నొక్కగలవు. ఎక్కువైతే అది గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. నేలను తాకని టైరుకు పట్టు ఉండదు, బ్రేకూ పనిచేయదు. రామభద్రపురం దాటాక సాలూరు వైపు వంపుల్లో, గతుకుల మీద బ్రేకు నొక్కినప్పుడు 17 అంగుళాల రోజుల్లో, చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ టకటకమని కొట్టుకునేది. ఇప్పుడు అదే చోట, అదే వేగంలో, చాలాసార్లు అది మేలుకోనే మేలుకోదు.

ఇక నా అనుభవం. 2019లో ఆ నకలు చక్రాలను విశాఖలోని ఒక దుకాణంలో బిగించిన మొదటి వారంలోనే గంటకు 90 కిలోమీటర్లు దాటితే స్టీరింగు వణికేది. బ్యాలెన్సింగు మూడుసార్లు చేయించాను, తగ్గలేదు. చివరికి నేనే జాకీ వేసి చక్రం విప్పి చూస్తే రెండు తప్పులు బయటపడ్డాయి. నా కారు హబ్బు, అంటే చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే ఇరుసు భాగం, 57.1 మిల్లీమీటర్లు, ఈ చక్రాలు ఏ కారుకైనా పట్టేలా 73.1 మిల్లీమీటర్ల రంధ్రంతో పోసినవి. మధ్యలో ఖాళీని నింపాల్సిన హబ్ రింగు వేయలేదు, అంటే చక్రం మధ్యన కూర్చోవడం బోల్టుల దయ మీద ఆధారపడి ఉంది. రెండోది భయంకరమైనది. ఫోక్స్‌వ్యాగన్ బోల్టుల మెడ గుండ్రంగా, బంతి ఆకారంలో ఉంటుంది. నకలు చక్రంలో బోల్టు కూర్చునే గుంట గరాటులా ఏటవాలుగా ఉంది. గుండ్రని మెడ ఏటవాలు గుంటలో సన్నని గీత వెంట మాత్రమే ఆనుతుంది. అక్కడ పెయింటు నలిగి, లోహం మెరుస్తూ కనిపించింది. అయిదింటిలో రెండు బోల్టులు చేతి స్పానరుకే కదిలిపోయాయి. ఆ వారం నేను పిల్లలను ఎక్కించుకుని రెండుసార్లు విశాఖ వెళ్లి వచ్చాను. దుకాణదారుకు ఫోను చేస్తే "ఎప్పుడూ ఇలాగే వేస్తాం సార్, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదనుకుంటాను. అతనికి తేడా తెలియదు, తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు. రింగులూ, ఏటవాలు మెడ బోల్టులూ తెప్పించి నేనే బిగించుకున్నాను.

అసలు దెబ్బ గత ఏడాది వానాకాలంలో తగిలింది. చీపురుపల్లి దాటాక, ఎదురు లారీ దీపాల వెలుగులో కనపడని గోతిలో ముందు ఎడమ చక్రం పడింది. శబ్దం పెద్దదే గానీ చక్రం నిలిచింది. దిగి చూస్తే బయట ఒక్క గీత లేదు. రాజాం చేరేసరికి గాలి సగానికి దిగింది. అక్కడ పంక్చరు షాపు పెద్దాయన టైరును నీళ్ల తొట్టిలో ముంచి తిప్పి తిప్పి చూశాడు. మేకు లేదు, చిల్లు లేదు. తర్వాత సబ్బు నురగ తీసి రిమ్ము లోపలి అంచున రాశాడు. ఒక చోట నురగ సన్నని వరుసగా పొంగింది, చీమల బారులా. "బాబూ, గాలి టైరు నుంచి కాదు పోతంది. రిమ్మే చిట్లిపోనాది, సూడండి" అని గుడ్డతో తుడిచి చూపించాడు. జుట్టు వెంట్రుకంత సన్నని చీలిక, 4 సెంటీమీటర్ల పొడవు. చక్రం లోపలి అంచు కాబట్టి కారు పక్కన నిలబడి చూసేవాడికి ఎప్పటికీ కనపడదు. ఆకులన్నీ బయటి ముఖం వైపే ఉంటాయి. లోపలి అంచుకు ఏ ఆసరా లేదు, అందుకే దెబ్బ తినేది ఎక్కువగా అదే.

అల్యూమినియం వెల్డింగు చేసే మనిషి ఉన్నాడని, అరగంటలో పని అయిపోతుందని పక్కనున్నవారు సలహా ఇచ్చారు. పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆయన పూర్వం సాలూరులో లారీల దగ్గర పనిచేశాడట. సాలూరు లారీలకు పెట్టింది పేరు, అక్కడి చేతులకు చక్రం సంగతి తెలుసు. లారీ చక్రం వంగితే వేడిచేసి సుత్తితో కొట్టి సరిచేస్తారు, ఉక్కు దానికి లొంగుతుంది. అల్యూమినియం మిశ్రమం అలా కాదు. చక్రం పోశాక దాన్ని నియమిత వేడిలో ఉంచి, చల్లార్చి, మళ్లీ కొన్ని గంటలు సన్నని సెగలో ఉంచితే దానికి ఆ బలం వస్తుంది. వెల్డింగు మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. అతుకు బాగానే కనిపిస్తుంది, దాని పక్కనున్న లోహం మెత్తబడి ఉంటుంది. వెల్డింగు చేసిన చక్రం మీద మనుషులను ఎక్కించుకుని వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లడం ఎవరికైనా తగదని నేను గట్టిగా చెబుతాను. ఆ రాత్రి స్టెపినీ వేసుకుని నెమ్మదిగా ఇల్లు చేరాను.

ఆ చక్రాన్ని తర్వాత వర్క్‌షాపులో రంపంతో కోసి చూశాను. చీలిక దగ్గర లోహంలో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు, భూతద్దం లేకుండానే కొన్ని కనిపించాయి. కరిగిన అల్యూమినియంలో వాయువు మిగిలిపోయి, అచ్చులో గడ్డకట్టేటప్పుడు బుడగలైన జాడలు అవి. పోత చక్రాలన్నీ చెడ్డవని దీనర్థం కాదు. కార్ల కంపెనీలు ఇచ్చే చక్రాల్లో అత్యధికం పోతవే, ఎక్స్‌రే తీసి, గాలి లీకు పరీక్షించి పంపినవి. పోత పోశాక అంచును వేడిచేసి రోలర్లతో నొక్కుతూ సాగదీసే ఫ్లో ఫార్మింగు పద్ధతి కూడా ఉంది. లోహపు రేణువులు సాగి బిగిసి, పలచటి అంచుకే ఎక్కువ బలం వస్తుంది. సుత్తిపోటు చక్రాలకూ మామూలు పోత చక్రాలకూ మధ్య ధరలో దొరికేవి ఇవే, ఇప్పుడు నా కారుకున్నవీ ఇవే.

నకళ్ల మీద నా అభ్యంతరం ఇక్కడే. ఆరు ఆకుల రూపం సుత్తిపోటు లోహం కోసం గీసినది. అంత సన్నని ఆకు నిలవగలిగేది ఆ లోహం బలం వల్ల. అదే రూపాన్ని చవక పోతలో పోయాలంటే రెండే దారులు: ఆకుల వెనక లోహం దట్టించి బరువు పెంచాలి, లేదా బలహీనంగా వదిలేయాలి. నా నకలు చక్రంలో రెండూ జరిగాయి, ఆకులు బరువు, అంచు బలహీనం. మంచి చక్రం వెనక జేడబ్ల్యూఎల్ అనే ముద్ర ఉంటుంది, అది జపాను ప్రభుత్వ ప్రమాణం. వీఐఏ ముద్ర ఉంటే బయటి సంస్థ కూడా పరీక్షించి నమోదు చేసిందని అర్థం. వంచుతూ తిప్పే పరీక్ష, బరువు మోపి దొర్లించే పరీక్ష, 13 డిగ్రీల వాలులో పెట్టి పైనుంచి బరువు పడవేసే పరీక్ష ఇందులో ఉంటాయి. ముద్రలను కూడా నకలు చేసేవారున్నారు కాబట్టి ముద్రతోపాటు, చక్రం ఎంత బరువు మోయగలదో అచ్చులోనే రాసి ఉందా, అమ్మేవాడు బిల్లు మీద తయారీదారు పేరు రాసిస్తాడా అన్నది అడగాలి. నా పాత చక్రాల మీద వీటిలో ఒక్కటీ లేదు.

డైమండ్ కట్ గురించి ఒక మాట. లేతు మీద ముఖాన్ని చెక్కి, ఆ మెరుపు పోకుండా పలచని వార్నిషు పూస్తారు. రాయి తగిలి వార్నిషు చిట్లితే తేమ దాని కిందికి దూరి, తెల్లని పురుగులు పాకినట్టు గీతలు పడతాయి. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో రెండు వానాకాలాలు గడిచిన ఇలాంటి చక్రాలను ఎన్నో చూశాను. మన తీరానికి మందంగా పౌడర్ కోటింగు చేసిన మామూలు రంగు చక్రమే మేలు.

మొదట్లో చెప్పిన కుర్రాడి దగ్గర ఇప్పుడు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు ఉంది. కంపెనీ ఇచ్చినవి 195/55 ఆర్16. "సార్, పదహారు చిన్నగా కనిపిస్తున్నాయి, పద్దెనిమిది వేసేద్దామనుకుంటున్నాను" అని వచ్చాడు. అతని కోరికను నేను తక్కువ చేయలేదు. కారు పార్కు చేసి దిగి నాలుగడుగులు నడిచాక వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు నాకూ ఉంది. చక్రం బాగుండాలి అన్నది నాకూ ముఖ్యమే. నేను అడిగింది ఒక్కటే, కన్ను కొంచెం మార్చి చూడమని. పెద్ద చక్రం బాగుందని మనకు అనిపించడం ఇరవై ఏళ్ల అలవాటు మాత్రమే. పాత ర్యాలీ కార్ల బొమ్మలు చూపించాను, చిన్న తెల్ల చక్రాలు, వాటి చుట్టూ దండిగా రబ్బరు, వెనక మడ్‌గార్డు రేకులు. కాసేపు చూసి "ఇవి కూడా బాగున్నాయి సార్" అన్నాడు, మొహమాటానికి కాదు.

లోకం కూడా ఇటే తిరుగుతోంది. వల చక్రాలు మళ్లీ వస్తున్నాయి, కంచు రంగూ తెలుపూ క్రోమియం స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి, పాత ఫ్యాను పళ్లేలకు కొత్త ఆదరణ వచ్చింది. ఎలక్ట్రిక్ కార్లు గాలి నిరోధం తగ్గించుకోవడానికి చక్రాలను మూతలతో కప్పేస్తున్నాయి. అవి చాలామందికి నచ్చడం లేదు గానీ నాకు వాటి మీద గౌరవముంది. మినీలైట్ ఆకులకు ఎలాంటి కారణముందో వీటికీ అలాంటి కారణమే ఉంది. ఒక్క చార్జింగుతో పది, ఇరవై కిలోమీటర్లు ఎక్కువ నడవడం కోసం పుట్టిన ఆ రూపానికి మన కన్ను అలవాటు పడటానికి కొంత కాలం పడుతుందంతే.

నా కొత్త చక్రాలు 15 అంగుళాలవి, 6.5 అంగుళాల వెడల్పు, పది సన్నని ఆకులు, కంచు రంగు. విడిగా ఒక్కో రిమ్ము 6.2 కిలోలు తూగింది. టైర్లు 195/60 ఆర్15, పక్కభాగం ఎత్తు 117 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం కంపెనీ టైరు కంటే రెండు శాతం ఎక్కువ, కారు నేలకు 6 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది. పెద్ద రహదారి మీద లేను మారేటప్పుడు స్టీరింగు మునుపటంత చురుగ్గా లేదు, ఆ నష్టం నిజమే, దాన్ని ఒప్పుకుంటున్నాను. దానికి బదులుగా పాలకొండ రోడ్డు నాకు తిరిగి దక్కింది. ఇదివరకు గోతిని చూడగానే భుజాలు బిగుసుకునేవి. ఇప్పుడు రోడ్డు చూస్తూ నడుపుతున్నాను.

కొత్త చక్రాలు బిగించాక కొంత దూరం నడిపి బోల్టులు మళ్లీ సరిచూడాలి. బిగించిన మరుసటి రోజు తెల్లవారుజామున రాజాం దాకా వెళ్లి, పంక్చరు షాపు పెద్దాయన ఎదురుగానే కారు ఆపి, బిగువును కొలిచే టార్క్ స్పానరు 120 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టి ఇరవై బోల్టులూ ఒక్కొక్కటే చూశాను. ప్రతి ఒక్కటీ కదలకుండా టక్కుమంది. పెద్దాయన వంగి రిమ్ము లోపలి అంచు మీద వేలు పెట్టి చుట్టూ తడిమి, వెనక ముద్రలు చూసి, "ఇప్పుడు సరిగ్గా ఏసుకున్నారు బాబూ" అని లోపలికి వెళ్లిపోయాడు.